నీ బిడ్డ తాగని నీళ్లు

పాల్మాకుల

అన్నా,

ఎప్పట్లెక్క మంచిగున్నవా అని అడుగుతలేను. ఫోన్ చేస్తే ఎత్తుతలేవు. ఇంటికొస్తే వదిన గుమ్మంలనే నిలబెట్టి మాట్లాడింది. అందుకే రాస్తున్న. చదవకుండ చింపెయ్యకు.

యూనివర్సిటీకి నువ్వు రిజిస్ట్రారువి. ఆడపిల్లల హాస్టల్ల నన్ను వార్డెన్‌గ పెట్టించింది నువ్వే. పిల్లల కండ్లు పచ్చబడుతున్నయి, సంపులకు మురికినీళ్లు దిగుతున్నట్టుంది, ఆ నీళ్లు బంద్ చేయిద్దాం అని నీ గదికొచ్చి చెప్పిన. నువ్వేమన్నవ్? "బయట పానీపూరి తిని పడుతున్నరు. స్నాతకోత్సవం దగ్గరికొచ్చింది, ఢిల్లీ నుంచి పెద్దమనుషులు దిగుతున్నరు. కామెర్లు అనే మాట బయటికి పోవద్దని వీసీ సార్ అన్నడు. జర నోరు మూసుకో" అన్నవ్. నేను నమ్మిన. పోయి పిల్లలనే తిట్టిన.

అదే సాయంత్రం నీ బిడ్డ సరితను హాస్టల్ నుంచి తీస్కపోయినవ్. చుట్టాల పెండ్లి అన్నవ్. మన చుట్టాలల్ల నాకు తెల్వని పెండ్లి ఏందన్నా? నీ బిడ్డకు పనికిరాని నీళ్లు, ఆమె పక్క మంచంల పండే కందుకూరు రైతు బిడ్డ కవితకు పనికొచ్చినయా?

తర్వాత బస్సులు పిలిపించినవ్. జబ్బుపడ్డోళ్లందరినీ ఊర్లకు పంపెయ్యమన్నవ్. కవిత బస్సు మెట్లమీదనే వాంతి చేసుకున్నది, నిలబడలేకపోయింది. దవాఖానకు తీస్కపోదాం అన్నా, అని నేను బతిమాలిన. "ఇక్కడ నేను నీ అన్నను కాదు. ఎక్కిస్తే ఎక్కించు, లేకుంటే ఉద్యోగం వదిలి పో" అన్నవ్. పిల్లలందరి ముంగట.

బస్సుకు అడ్డం కూసున్న. అక్కణ్నుంచే జిల్లా వైద్యాధికారికి ఫోన్ చేసిన. ఇప్పుడు కవిత దవాఖానల ఉంది. లివర్ దెబ్బతిన్నదంట, మనుషులను గుర్తుపడతలేదు. సర్కారు విచారణ కమిటీ ఏసింది, దాని ముంగట అంతా చెప్త. సరిత సంగతి కూడా.

నీ చెల్లెనని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్న,
పూర్ణిమ

*

శంషాబాద్

పూర్ణిమకు,

నీ ఉత్తరం చదివాను. నీకు ఆవేశం తప్ప ముందూవెనకా చూసే అలవాటు లేదు. యూనివర్సిటీ పేరు పోతే ఎంతమంది బతుకులు రోడ్డున పడతాయో ఆలోచించావా? నిర్ణయం వీసీ గారిది. నేను అమలు చేశాను. తండ్రిగా నా బిడ్డను కాపాడుకున్నాను, అది నేరమా?

విషయం నాకు ఆలస్యంగా చెప్పావని విచారణలో నువ్వు ఒప్పుకో. మందలింపుతో పోతుంది, ఆ తర్వాత నేను చూసుకుంటాను. వీసీ గారు మనవాళ్లను వదులుకునే మనిషి కాదు. కానీ అక్కడ సరిత పేరు ఎత్తావంటే నాకు చెల్లెలు లేదనుకుంటాను.

వీరేందర్

*

పాల్మాకుల

అన్నా,

నిన్ను అడిగి పంపించినంక విచారణ గదిల ఏం జరిగిందో నీకు తెల్వదు. విను.

నేను నోరు తెరవకముందే సరిత వచ్చింది. నేను పిలవలే. "హాస్టల్ నీళ్లు తాగకు, ఎవరికీ చెప్పకు అని మా డాడీ నాతో అన్నడు" అని కమిటీ ముంగట చెప్పింది. బయటికొచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

తర్వాత వీసీ సార్ నన్ను తన గదికి పిలిచి చాయ్ తెప్పించిండు. "మీరు ధైర్యవంతులమ్మా. ఇదంతా మీ అన్నయ్యగారు నాకు తెలియకుండా చేశారని రాసివ్వండి. హాస్టళ్లన్నిటికీ మిమ్మల్నే చీఫ్ వార్డెన్‌ను చేస్తాను" అన్నడు. చాయ్ చల్లారకముందే నిన్ను అమ్మేసిండన్నా, నువ్వు నమ్ముకున్న మనిషి.

నేను రాయలే. మళ్ల కమిటీ ముంగటికి పోయి, చెయ్యమన్నది ఆయన, చేసింది నువ్వు అని ఇద్దరి పేర్లూ చెప్పిన. నాకు చూపించిన ఆశ సంగతి కూడా చెప్పిన. మీ ఇద్దరినీ కొలువుల నుంచి పక్కకు పెట్టిన్రు. నీ మీద జాలితోని చేసిన అనుకోకు. అంతా నీ నెత్తిన రుద్ది ఆయన తప్పించుకుంటే, రేపొచ్చే రిజిస్ట్రారుతోని కూడా ఇదే పని చేయిస్తడు.

కవిత ఈ పొద్దున కండ్లు తెరిచింది. వాళ్ల నాయన కుర్మయ్య "నువ్వెవరు బిడ్డా?" అని నన్ను అడిగిండు. హాస్టల్ వార్డెన్‌ను అన్న. రిజిస్ట్రారు చెల్లెను అని కూడా చెప్పిన. ఆయన లేచి అవతలికి పోయి, గోడ దిక్కు మొఖం తిప్పుకొని నిలబడ్డడు.

ఇగ నువ్వు పో. ఆయన ముంగట నిలబడు. అప్పటిదాకా నా గడప తొక్కకు.

పూర్ణిమ