ప్రెస్ గడప బయట చెప్పులు

ఆదివారం, మే 1994
చిక్కడపల్లి

నా ప్రింటింగ్ ప్రెస్‌కి ఎదురు ప్రెస్ యాదగిరి మెషిన్ నిన్న ఆగిపోయింది. ముహూర్తాల రోజులు, శుభలేఖలు సగంలో ఉన్నాయి. ఏళ్లుగా నా గిరాకీ లాక్కుంటున్నవాడు, ఇవాళ్టికి నా మెషిన్ అడగడానికి ఎంత మొహమాటపడ్డాడో! ఆదివారం నేను ప్రెస్ తెరవనని వీధంతటికీ తెలుసు. అయినా తాళంచెవి అతని చేతిలో పెట్టాను.

పెట్టానే గానీ, నారాయణగూడ చర్చిలో కూర్చున్నంతసేపూ మనసు నిలవలేదు. పొరుగువాణ్ణి ప్రేమించానా, ప్రభువు దినాన్ని పాడుచేశానా?

ఆరాధన అయ్యాక నేరుగా ప్రెస్‌కే వెళ్లాను. లోపల మెషిన్ నడుస్తోంది. గడప బయట యాదగిరి చెప్పులు, పక్కనే అతని పనివాళ్లవి. ఆ సిరా మరకల నేల మీద అందరూ వట్టికాళ్లతో పనిచేస్తున్నారు.

"చెప్పులెందుకు విడిచిండ్రు యాదగిరీ? ఇది ప్రెస్సే కదా!" అన్నాను.

"రోజూ అయితే ప్రెస్సే అన్నా. ఇయ్యాల మీ దేవుని కోసం మూసిపెట్టుకున్న జాగ. చెప్పులేసుకొని ఎట్ల వస్తం?"

దేవుడు చర్చిలో ఉంటాడని ఇన్నేళ్లూ ఇక్కడ తాళం వేసి అక్కడికి పోయాను. ఆ తాళం వెనక కూడా ఆయనే ఉన్నాడని యాదగిరి చూశాడు.

రేపు సోమవారం. మామూలు ప్రెస్సే. అయినా ఆ గడప చెప్పులతో దాటగలనా...