ఫైళ్ళ గదిలో ఒక ఖైదీకి చోటు కోరుతూ

కెట్లర్ పట్టణ మేయరు గారి సముఖమునకు, చెస్ట్‌నట్ వీధి నివాసి, ధాన్యపు గిడ్డంగిలో తూకందారుగా పనిచేసి విరమించిన ఎల్డన్ ప్రాచ్ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పురపాలక భవనం నేలమాళిగలోని పాత జైలు గదిలో నన్ను పదిహేను రోజులు బంధించుట గురించి.

1. నేనెవరో తమకు పరిచయం అక్కర్లేదు. కౌన్సిల్ సమావేశాల్లో పౌరులకిచ్చే మూడు నిమిషాలను ఆరేళ్ళుగా ఒక్కసారీ వదలనివాడిని. గడువైపోయిందని ఎర్ర దీపం వెలిగాక కూడా మైకు వదలనివాడినీ నేనే. మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో తమరు తలపెట్టిన కొత్త జైలును, ఇల్లిల్లూ తిరిగి, నలభై ఒక్క ఓట్ల తేడాతో ఓడించింది కూడా నేనే.

2. ఆఫీసులకు చోటు చాలడం లేదని తమరు వాపోయినప్పుడు, పాత జైలు గదులు రెండూ ఫైళ్ళకు ఇచ్చేయమని సలహా ఇచ్చిన మేధావినీ నేనే. "ఖైదీల కంటే ఫైళ్ళే నయం, తిండి అడగవు" అన్నాను. సభంతా నవ్వింది. ఆ నవ్వుకు పొంగిపోయి మా ఆవిడకు వారం రోజులు అదే చెప్పాను.

3. ఓటింగుకు ముందు, ఆ స్థలంలో తమ సర్వేవారు పాతిన కొయ్యలు ముప్ఫై ఒకటి నేను పీకిన మాట వాస్తవం. పీకినవాడు దాచుకోవాలి. నేను వాటిని మా ముంగిట్లో టమాటా మొక్కలకు ఊతంగా పాతాను, సర్వేవారు కట్టిన నారింజ రంగు రిబ్బన్లు కూడా విప్పకుండా. పోలీసువారి దర్యాప్తు కారు దిగకుండానే పూర్తయింది.

4. న్యాయమూర్తి గారు జరిమానాతో వదిలేయబోయారు. "ఏమైనా చెప్పుకుంటారా?" అని మర్యాదకు అడిగారు. నా ముందు మైకుంది. "సందు దొరికితే మళ్ళీ పీకుతాను" అన్నాను. పదిహేను రోజులు పడింది. "మీ ఊళ్ళో జైలుంటే అక్కడే ఉండండి, నాకేం అభ్యంతరం లేదు. లేదంటే మార్బరీ జైలుకు పోవాలి" అన్నారు. మార్బరీ ఎనభై మైళ్ళు. మన ఊళ్ళో జైలు లేదు. ఎందుకు లేదో మొదటి రెండు అంశాల్లో మనవి చేసుకున్నాను.

5. ఇక అసలు సంగతి. నా భార్య వెర్నాకు పక్షవాతం వచ్చి రెండేళ్ళు. కుడిచెయ్యి లేవదు. నోటికి మాత్రం ఏ లోటూ లేదు. కానీ నేను తినిపిస్తే తప్ప ముద్ద ముట్టదు. మార్చిలో నాకు హెర్నియా ఆపరేషనైనప్పుడు, ఇంటికొచ్చిన నర్సు చెంచా అందిస్తే మూడు రోజులు పళ్ళు బిగించుకుని కూర్చుంది. నాలుగో రోజు ఆమెనూ నేనున్న ఆసుపత్రికే తెచ్చి సెలైను ఎక్కించారు. ఇప్పుడు పదిహేను రోజులు. అయ్యా, నాకు భయంగా ఉంది. దీనికి ఆఫీసు భాషలో ఏమంటారో నాకు తెలియదు.

6. తమ గుమాస్తా లావొన్‌ను అడిగాను. "ఎల్డన్ గారూ, ఆ గదుల్లో కాలు పెట్టే చోటు లేదండీ. తిండి అడగని ఖైదీలతో నిండిపోయాయి" అంది. ఆనాటి సభలో ఆమె కూడా ఉంది.

కావున, ఫైళ్ళ మధ్య ఒక మడత మంచం పట్టేంత చోటు ఇప్పించి, పూటకో అరగంట పోలీసును తోడిచ్చి నన్ను ఇంటికి పంపవలసిందిగా ప్రార్థన. ఇల్లు రెండు వీధుల అవతలే. మిగతా సమయంలో ఫైళ్ళన్నీ సంవత్సరాల వారీగా సర్దిపెడతాను. ఎవరితోనూ మాట్లాడను.

ఈ మొర చిత్తగించవలెను. చిత్తగించి, తాళము వేయించవలెను.

తమ విధేయుడు,
ఎల్డన్ ప్రాచ్

తా.క.: ఇదంతా వెర్నాకు చదివి వినిపించాను. "మాట్లాడనన్న ముక్క కొట్టెయ్. అర్జీలో అబద్ధాలు రాయకూడదు" అంది. తర్వాత చాలాసేపు ఆ ఖాళీ స్థలం కేసి చూసింది. "ఏమయ్యా, ఆ జైలేదో కట్టనిచ్చుంటే ఇప్పుడు నువ్వక్కడే ఉండేవాడివి కదా. నేను ఇక్కణ్ణుంచి కేకేస్తే వినపడేది" అంది.

కొయ్యలు ముప్ఫై ఒకటీ దీంతోపాటు పంపుతున్నాను. టమాటాలు నేలకు వాలాయి, వాలనీ. ఈసారి ఓటింగు పెడితే మా ఇంట్లో రెండు ఓట్లూ జైలుకే. కొత్త నక్షాలో మాత్రం, కుదిరితే, ఒక కిటికీ మా వంటింటి వైపు పెట్టించండి.