నేల మెత్తబడిన వేళ

ఫిబ్రవరి 16, శుక్రవారం

మంచు కరిగింది. రేపు ఈ ఏటి మొదటి సైకిల్ రైడ్. పదకొండేళ్ళు దీనికి నా నేస్తం లైల్‌తోనే వెళ్ళాను. రేపు ఒక్కణ్ణే.

ఫిబ్రవరి 17, శనివారం, సాయంత్రం

ఎక్కుడు లేదు, దిగుడు లేదు. పసిపిల్లలు కూడా తొక్కే మట్టి బాట. ఏడింటికి నేల గడ్డకట్టి రాయిలా ఉంది. కనుచూపుమేర సేజ్ పొదలు, బూడిదరంగు మట్టి, ఆకాశం. ఎడారికి పారిపోయిన ఏలీయాకు కనీసం ఒక దేవదూతైనా తోడు దొరికాడు.

ఎండకు మట్టి మెత్తబడకముందే, తొమ్మిదిలోపు వెనక్కి రావాలి. ఈ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. గడియారం చూసే పని ఎప్పుడూ లైల్‌ది. బోధకుడా, ఇక ఆమెన్ చెప్పి సైకిలెక్కు, నేల కరుగుతోంది అనేవాడు. ఇవాళ సగం దారిలో బండ మీద కూర్చుని రేపటి చర్చి ప్రసంగం మొదలుపెట్టాను. వినేవాడు లేడని ఇంకా గట్టిగా అరిచాను. లేచేసరికి పదిన్నర.

అప్పుడైనా మట్టి ఆరేదాకా ఆగాలి. ఆగలేదు. నాలుగు మైళ్ళూ తొక్కాను. వెనక నాలుగు వేళ్ళ లోతు టైరు గాడి. ఎండితే ఇటుకే, మళ్ళీ శీతాకాలం దాకా పోదు.

నిరుడు ఒక్కడే వెళ్ళినరోజు లైల్ చేసింది సరిగ్గా ఇదే. తప్పు చేసిన దావీదు రాజు ముందు నాతాను ప్రవక్త నిలబడ్డట్టు నిలబడి, సంఘం ముందు పేరుపెట్టి కడిగేశాను. దేవుడి నేలకు గాయం చేసినవాడు అన్నాను. లైల్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. మళ్ళీ రాలేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

నమ్మకత్వం గురించి గంటసేపు మాట్లాడాను. గాడి గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఫిబ్రవరి 20, మంగళవారం

చైన్ కోసం డార్లీన్ సైకిల్ షాపుకు వెళ్ళాను. ఆమె ఫ్రేము సందుల్లోని మట్టిని గోటితో గీకి చూసింది. ఏమయ్యా బోధకుడా, మట్టిలో ఈతకెళ్ళావా అంది. నేను నవ్వలేదు. ఆమె కూడా నవ్వడం మానేసింది. లైల్ నిరుడు తన గాడి మొత్తం తనే పూడ్చాడు, తెలుసా అంది. నీళ్ళు మోసి, గడ్డలు నానబెట్టి, చేత్తో చదును చేశాడట. నాలుగు రోజులు. ఐదోరోజు ఆదివారం, చర్చికి వచ్చాడట, నువ్వు శుభ్రంగా సన్మానం చేశావు కదా అంది.

పూడ్చేసిన గాడి మీద ప్రసంగం చేశానన్నమాట.

ఫిబ్రవరి 21, బుధవారం

లైల్ ఇంటికి వెళ్ళాను. బయటి వల తలుపు తీయలేదు, లోపలి నుంచే మాట్లాడాడు. నేనూ అదే చేశాను లైల్ అన్నాను. టైరు జాడ చూశాలే, నీ వెనక చక్రం ఎప్పుడూ కుంటిదే అన్నాడు. నిరుడు ఆ రోజు ఎందుకు ఆలస్యమైంది అని అడిగాను. ఏడాది ఆలస్యంగా అడిగావు బ్రదర్ అన్నాడు. అడిగినందుకు థాంక్స్ అన్నాడు. కారణం మాత్రం చెప్పలేదు. లోపలి తలుపు కూడా వేశాడు.

అతని భార్య చనిపోయింది కూడా ఓ ఫిబ్రవరిలోనే. అది ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 24, శనివారం

గాడి పూడ్చడం మూడోరోజు. నీళ్ళు, పార, మోకాళ్ళు. ఇంకా మైలున్నర ఉంది. ప్రార్థనకు కూడా ఇంతసేపు మోకరించలేదు.

ఫిబ్రవరి 25, ఆదివారం

అందరి ముందూ చెప్పాను. గాడి నాది. లైల్ మీద నేనన్న మాటలు తప్పు. ఆయన పూడ్చాడు, నేను దాచాను. ముసలి మిసెస్ ప్రూయిట్ అవసరమైనదానికన్నా గట్టిగా ఆమెన్ అంది. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

ప్రతి కారు చప్పుడుకీ తలుపు వైపు చూశాను. లైల్ రాలేదు.

మార్చి 2, శనివారం

గాడి పూర్తిగా పూడింది. ఏడింటికి బయల్దేరి ఎనిమిదీ యాభైకి తిరిగొచ్చాను. బండ మీద ఆగలేదు, ప్రసంగం చెప్పలేదు. వెనక ఎవరో వస్తున్నట్టు అనిపించి, రెండుసార్లు పక్కకు ఆగి దారి ఇచ్చాను.