పదకొండు సీసాల ఫలితం రద్దు చేయమని

ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నారపని వీధి మూత్ర పరీక్షల ఫలితం రద్దు చేసి, మళ్లీ పరీక్షించి, పురుగు జబ్బుకు మందు ఇప్పించుట గురించి.

మా వీధిలో ఎవరికీ జబ్బు లేదని తమ కార్యాలయం నిన్న కాగితం అంటించినది. ఇరవయ్యో తేదీన మందుల బండి మా వీధిలో ఆగకుండా పై ఊళ్లకు పోతుందని కూడా అందులో ఉన్నది. ఆ ఫలితం తప్పు. తప్పు చేసినదాన్ని నేనే కనుక ఈ అర్జీ ఇప్పుడే రాయవలసి వచ్చినది.

1. మా వీధి ఆడవాళ్లు ఊరబెట్టిన నారను కాలువలో మోకాలి లోతున నిలబడి కడుగుతారు. పిల్లలు పక్కనే ఆడుకుంటారు. ఆ నీటిలో నత్తల నుంచి వచ్చే పురుగు చర్మం గుండా ఒంట్లో చేరుతుందని, మూత్రంలో రక్తం పడుతుందని నర్సమ్మ బొమ్మల కాగితం చూపి చెప్పారు. విని, అందరూ మళ్లీ కాలువలోకే దిగారు. నార కడగడానికి వేరే చోటు లేదు.

2. మా చెల్లికి తొమ్మిదేళ్లు. ఏడాదిగా ఎర్రగా పోస్తోంది. "పిల్ల అప్పుడే పెద్దమనిషైందేమో" అంది మా అత్త. పక్కింటి మగపిల్లవాడికీ అలాగే పడుతోంది. వాడి గురించి అత్త ఏమీ అనలేదు.

3. నర్సమ్మ పదకొండు మందికి పదకొండు సీసాలు నా చేతికిచ్చి, పేర్లు రాసి నింపించమన్నారు. అందరూ మా గుమ్మం ముందు చేరారు.

"నా పేరు రాసిన సీసా ఆఫీసులో మగాళ్లు ఎత్తి చూస్తారా? ఛీ, నా వల్ల కాదు" అంది అమ్మ.

"మనింట్లో పరీక్షలు పాసయ్యేది ఇదొక్కతే కదక్కా. మనవి కూడా ఇదే రాసేస్తే పోలా?" అంది పిన్ని.

"హాస్టల్ నీళ్లు తాగే పిల్ల. దానిది తేటగా ఉంటుంది. ఒక్కళ్లూ ఫెయిలవరు" అంది నానమ్మ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

4. పదకొండు సీసాలూ నేనే నింపితిని. మూడు చెంబుల నీళ్లు తాగవలసి వచ్చినది. చెల్లి పేరున్న సీసా కూడా నాదే. నేను ఏడాదంతా పట్నం హాస్టల్‌లో ఉంటాను, కాలువలో దిగను. నాకు జబ్బు లేదని తమ కార్యాలయం పదకొండుసార్లు ధ్రువీకరించినది.

5. కాగితం చదివి వినిపిస్తే "అందరం పాసే!" అని అమ్మ నా తల నిమిరింది. ఆ మధ్యాహ్నం చెల్లి పెరట్లోంచి పిలిచింది. "అక్కా, ఇవాళ ఇంకా ఎర్రగా ఉంది, చూస్తావా?" చూశాను. తమకు రాస్తానని అమ్మతో చెప్పాను. "నీ చదువు ఆపేస్తారేమోనే, ఊరుకో" అంది.

కావున, శిక్ష ఏదైనా నాకే వేయగలరు. మందు మాత్రం ఆపవద్దు. ఈసారి ఆడ ఉద్యోగినిని పంపి, చాటుకు తెర కట్టించి, సీసాల మీద పేర్లకు బదులు అంకెలు వేయిస్తే అందరూ ఇస్తారు. అడిగి ఒప్పించాను.

ఇందులో రాసినదంతా నిజమని చిత్తగించి, పద్దెనిమిదో తేదీలోపు జవాబు దయచేయవలెను.

తమ విధేయురాలు,
నారపని వీధి చివరి ఇంటి పెద్దమ్మాయి

తా.క.: పంతొమ్మిదిన నేను హాస్టల్‌కు వెళ్లిపోవాలి. ఆ తర్వాత ఉత్తరం వస్తే మా ఇంట్లో చదివేవాళ్లు లేరు. అమ్మ దాన్ని భద్రంగా దాచిపెడుతుంది, అంతే. అందుకే పద్దెనిమిది అన్నాను.