గాజు గదిలో గొంతు

శుక్రవారం, తిరుపతి

రేపటితో స్టూడియో ఖాళీ. పాటల పోటీ పెట్టి, గెలిచిన నగరి నేతగాళ్ల పిల్ల వసంతతో మొదటి క్యాసెట్ వేశాను. జిల్లా అంతా మోగింది. ఆ ఊపులో పది రోజుల్లో నాలుగు క్యాసెట్లు పాడించాను. ఆమె గొంతు పోయింది. తర్వాతి పోటీల్లో గెలిచినవాళ్ల పాటలు ఎవరూ కొనలేదు. నా క్యాసెట్ కంపెనీ మూతపడింది.

ఈ మధ్యాహ్నం ఆమె చివరి టేపు పెట్టాను. పాట అయిపోయాక వసంత మాట వినిపించింది.

"సాలన్నా, గొంతు మండతా ఉండాది."

"ఇంకొక్కటి పాడు పాపా, ఏం కాదులే."

ఆ రెండో గొంతు నాదే. అలా అన్నట్టు నాకు గుర్తే లేదు.

టేపు ఆపేశాను. గాజు అద్దానికి అవతల, ఖాళీగా ఉన్న పాడే గదిలో, పాడబోయే ముందు చేసినట్టు ఎవరో మెల్లగా గొంతు సవరించుకున్నారు. వసంత నగరిలో ఉంది. మూడేళ్లుగా ఆమె నోట మాట లేదు.

"చాల్లే పాపా, ఇంటికి పో" అన్నాను పైకే. మెట్లు దిగేదాకా వెనక్కి చూడలేకపోయాను.