పిడికిలి బిగించకు

నాన్నా,

పదకొండింటికి బాబాయి ఆటో తీసుకొని వస్తాడు. పొద్దుటి మాత్ర ఇప్పుడు వేసుకోకు, ఆసుపత్రిలో చేతుల పరీక్ష అయ్యాకే వేసుకోమన్నారు. చేతులకి నూనె రాయకు. రాస్తే మిషన్ నుంచి వచ్చే వైర్ల బిళ్ళలు చర్మానికి అంటుకోవు. పొట్టిచేతుల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను. టిఫిన్ తినే వెళ్ళు.

ముంజేతి పైకండ, కిందికండ రెండూ ఒకేసారి బిగుస్తున్నాయా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది ఆ మిషన్‌లో చూస్తారు. దాన్నిబట్టే నీది ఏ రకం వణుకో తేల్చి మందు మారుస్తారట. సరైన మందు పడితేనే నువ్వు మళ్ళీ కత్తెర పట్టి బట్ట కత్తిరించగలవు.

పోయినసారి పిడికిలి బిగించి కూర్చున్నావు. మిషన్ గీసిన గీతల్లో ఆ బిగింపు తప్ప ఇంకేమీ రాలేదు. "పెద్దాయనా, పరీక్షకొచ్చారా, కుస్తీకొచ్చారా?" అని మిషన్ దగ్గరున్న అమ్మాయి అడిగితే నువ్వు నవ్వేశావు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మొన్న గ్లాసు పగిలితే పిల్లి తోసిందన్నావు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి నాన్నా.

ఈసారి చేతులు చాచమంటే చాచు. ఎంత వణికినా ఆపకు. బాబాయిని బయటే కూర్చోమని చెప్పాను.

ఇంకో మాట. అడిగితే సెలవు ఇచ్చేవాళ్ళే, నేనే అడగలేదు. పోయినసారి నేను ఎదురుగా నిలబడ్డాను. నువ్వు నా మొహం చూస్తూనే పిడికిలి బిగించావు. ఈరోజు ఆ గదిలో నీ కూతురు ఉండదు.