వ్యాపించే, వ్యాపించిన

ఆదివారం

నా చేతిరాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. రామయ్యా, మన్నించి చదువుకో.

నీ గుడి ఉన్న భద్రాచలంలోనే, దవాఖానాలో నా భార్య సుగుణకు స్కానింగ్ తీసి కాగితం ఇచ్చారు. లివరులో తేడా ఉందట. దాని ముందు ‘డిఫ్యూజ్’ అని రాశారు.

"నా ఫ్యూజు కొట్టేసిందా ఏంది?" అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బస్సులో పక్కన కూర్చున్నాయన కాగితం చూసి "వ్యాపించేది" అన్నాడు. ఊళ్లోకి పాకే గోదారి నీళ్లు కళ్లముందు కదిలాయి.

ఇంటికొచ్చి, బళ్లో సైన్సు చెప్పే కోడలికి ఫోన్ చేశాను.

"వ్యాపించేది కాదు మామయ్యా, వ్యాపించినది. ఒక్కకాడ గడ్డలెక్క లేదు, అంతటా పరుచుకొని ఉన్నదని. ఇంకా పాకుతదని గాదు."

"మరి తగ్గుతదా బిడ్డా?"

"గా మాట ఈ పదంల లేదు మామయ్యా. రేపు డాక్టర్‌నే అడుగుదాం."

సుగుణ పడుకుంది. పొయ్యి దగ్గర, పెరట్లో, నా చొక్కా గుండీల్లో కూడా ఆమె చెయ్యే ఉంది. ఈ ఇంట్లో ఆమె ఒక్కచోట అని లేదు, అంతటా ఉంది. ఆమె గనక...

రామయ్యా, తగ్గుతుందో లేదో జల్దీ బదులియ్యి.